ముప్పై నాలుగో గింజ

పొద్దున్న ఆరింటికల్లా శంకరరావు బీటు మొదలవుతుంది. భుజాన పొడుగుకర్ర సుత్తి, చంకలో చుట్టిపెట్టిన ఎర్ర జెండా, పచ్చ జెండా, నడుముకి స్పానరు. బిలాస్‌పూర్ యార్డు చివర సిగ్నలు దగ్గర మొదలుపెట్టి, గతోరా వైపు మూడు కిలోమీటర్లు ఒక పట్టా చూసుకుంటూ వెళ్తాడు, రెండో పట్టా చూసుకుంటూ వెనక్కి వస్తాడు. పట్టాని కింది స్లీపరు దిమ్మకి బిగించి ఉంచే ఇనప కీ ఎక్కడైనా వదులైతే ఒక దెబ్బ వేసి బిగిస్తాడు. కీమ్యాన్ అంటే ఆ పనే. వదులైన కీని కళ్ళతో వెతకక్కర్లేదనీ, పక్కనుంచి నడుస్తుంటే కాళ్ళకే తెలిసిపోతుందనీ అనేవాడు. గ్యాంగులో కుర్రాళ్ళు నవ్వుకునేవారు గానీ, అతని బీటులో రైలు కుదిపిందని ఏ డ్రైవరూ ఇంతవరకూ రాసివ్వలేదు.

ముప్పై ఒక్కేళ్ళుగా ఇదే నడక. రైల్వే స్కూలు లెక్కల మాస్టారొకాయన కాగితం మీద లెక్కగట్టి, శంకరరావు ఇప్పటికి భూమిని ఒక చుట్టు చుట్టేసి రెండో చుట్టులో సగానికి దగ్గరపడ్డాడని తేల్చాడు. శంకరరావు ఆ కాగితాన్ని మడతపెట్టి ట్రంకు పెట్టెలో దాచుకున్నాడు. విజయనగరం పక్క పల్లెనుంచి ఇరవై మూడేళ్ళ వయసులో వట్టి కాళ్ళతో వచ్చిన మనిషికి అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఎవరిస్తారు.

ఇంత దూరమూ నడిచింది ఎనిమిదో నంబరు బూట్లతో. ఏడాదికో జత రైల్వే ఇచ్చేది. కొత్త జత రాగానే దాన్ని ఒక పూట నీళ్ళలో నానబెట్టి, తడితడిగా తొడుక్కుని, కాలి మీదే ఆరబెట్టేవాడు. అయినా మొదటి రెండు నెలలూ బొటనవేలి గోళ్ళు నల్లబడేవి, మడమ తోలు లేచేది. సాయంత్రం అతని పెళ్ళాం చిన్నతల్లి బేసిన్లో వేణ్ణీళ్ళు పోసి ఉప్పు కలిపి ముందు పెట్టేది. బూటన్నాక కరుస్తుంది, కరవకపోతే అది చెప్పు, అన్నది శంకరరావు సిద్ధాంతం. చిన్నతల్లి ఆ సిద్ధాంతం ముప్పై ఏళ్ళుగా విని విని బేసిన్ పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

అలాంటిది ఆ ఏడాది, అంటే 2005లో, ఎడమ కాలు గొడవ చెయ్యడం మానేసింది. కుడి కాలు ఎప్పటిలాగే సణుగుతోంది గానీ ఎడమది నోరెత్తడం లేదు. వయసొచ్చాక కాలికి కూడా బుద్ధొచ్చిందనుకుని శంకరరావు సంబరపడ్డాడు. ఒకరోజు వేణ్ణీళ్ళ బేసిన్లో రెండు కాళ్ళూ పెట్టాడు. కుడి కాలు చుర్రుమని పైకి లేచింది. ఎడమ కాలు కాలువ నీళ్ళలో ఉన్నంత తీరిగ్గా అక్కడే ఉండిపోయింది. శంకరరావు దానికేసి కొంచెంసేపు చూసి, తువ్వాలుతో తుడుచుకుని, ఎవరికీ ఏమీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం గోవిందరావు. అతను పక్క బీటు కీమ్యాను. రెండేళ్ళ కిందట కాలు బాగాలేదని డాక్టర్లు అతన్ని లైను మీదనుంచి తీసేశారు. ఇప్పుడు ఆఫీసు వరండాలో స్టూలు మీద కూర్చుంటాడు. గంట మోగితే లేచి లోపలికి మంచినీళ్ళు తీసుకెళ్తాడు, ఫైలు పట్టుకొస్తాడు. జీతం అదే, ఎండా వానా లేవు, చాలామంది అదృష్టమన్నారు. శంకరరావుకి మాత్రం ఆ వరండా మీదుగా వెళ్ళాల్సి వస్తే చెమటలు పట్టేవి. రిటైరవడానికి ఇంకా ఆరేళ్ళుంది. ఆ ఆరేళ్ళూ స్టూలు మీద గడపడం కంటే చావడం నయమనుకున్నాడు, అది కూడా నిజంగానే అనుకున్నాడు.

గోవిందరావు కాలి సంగతి మొదట బయటపెట్టింది డాక్టర్లు కాదు, అచ్చియమ్మ.

అచ్చియమ్మది బుధ్వారీ బజారులో బూట్ల కొట్టు. కొట్టంటే ఆరడుగుల వెడల్పు, లోపల గోడనిండా పాదం ఆకారంలో చెక్కిన చెక్క ఫర్మాలు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. ఆవిడ తండ్రి, రైళ్ళని తెల్లవాళ్ళ కంపెనీ నడిపే కాలంలో, పాలకొండ వైపునుంచి ఇక్కడికొచ్చి, దొరలకి బూట్లు కుట్టే ఒక ముసలి ఇంగ్లీషు పనివాడి దగ్గర పని నేర్చుకున్నాడు. దొర పోతూ పోతూ అతనికి ఒక ఇత్తడి డబ్బా ఇచ్చి వెళ్ళాడు. డబ్బాలో యవలు, అంటే బార్లీ గింజలు. ఆ యవలతోనే తండ్రి కొలిచేవాడు, ఆ తర్వాత కూతురు కొలుస్తోంది. మనిషిని గోధుమరంగు కాగితం మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిలు గీస్తుంది. కాలు తీయమని, ఆ గీత లోపల మడమనుంచి వేళ్ళ దాకా యవగింజలు ఒకదానికొకటి ముట్టేలా వరసగా పేరుస్తుంది, ఆ తర్వాత అడ్డంగా ఇంకో వరస. అప్పుడు టీ తెప్పిస్తుంది. టీ తాగేలోపల, బూటు ఎక్కడ కరుస్తుందో అక్కడి గింజ మొలకెత్తుతుంది. కొంచెం కరిచే చోట గోరంత మొలక, బాగా కరిచే చోట వేలెడు మొలక. ఆవిడ ఆ చోటు గుర్తు పెట్టుకుని ఫర్మాకి అక్కడ తోలు ముక్క అతికించి బూటుని వదులు చేస్తుంది. మొలకల్ని బయట పిచ్చికలకి వేస్తుంది. నవరాత్రుల్లో ఊరంతా కుండల్లో అమ్మవారి పేరున జవారా మొలకలు వేసుకునే చోట, కాగితం మీద నాలుగు గింజలు మొలవడం ఎవరికీ వింత కాదు. టీలో పంచదార సరిపోయిందా లేదా అన్నదే అక్కడ ఎక్కువ మాట్లాడుకునే విషయం.

గోవిందరావు కాలు కొలిచిన రోజు అరికాలి దగ్గర జానెడు మొలక లేచింది. అచ్చియమ్మ అతన్ని ఆస్పత్రికి పంపింది. అప్పటినుంచి శంకరరావు బుధ్వారీ బజారుకి వెళ్ళినా ఆ కొట్టున్న వైపు నడవడు.

ఆగస్టులో బూట్లొచ్చాయి. కొత్త కాంట్రాక్టు, కొత్త పెట్టెలు. స్టోరు క్లర్కు రాజేంద్ర పెట్టె విప్పి, బూటు తిరగేసి, అడుగున ఉన్న నలభై రెండు అంకె చూసి తల గోక్కున్నాడు. రాజేంద్ర మనవాళ్ళ కుర్రాడే, బిలాస్‌పూర్లో పుట్టి పెరిగాడు, అందుకే తెలుగు మాట మొదలుపెడితే హిందీలో తేలతాడు.

"మామా, ఇక్కడ బయాలీస్ రాసుంది. మీ గ్యాంగులో అందరి కార్డులోనూ ఆఠ్ నంబరే ఉంది. సబ్ కా ఆఠ్ ఎలా అవుతాది?" అని గ్యాంగుకి పెద్దయిన మేట్ ఆదినారాయణని అడిగాడు.

ఆదినారాయణ సమాధానం చెప్పడానికి ముప్పై ఒక్కేళ్ళు వెనక్కి వెళ్ళాల్సొచ్చింది. పద్నాలుగు మంది ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. అందరూ ఒకే రైల్లో వచ్చినవాళ్ళు, ఎవరూ అప్పటిదాకా బూటు తొడిగినవాళ్ళు కాదు. స్టోరు దగ్గర వరసలో నిలబడితే లోపలాయన తల ఎత్తకుండా "నంబర్?" అన్నాడు. వరసలో మొదటివాడు ఆదినారాయణ. అతని మేనమామ దగ్గర పాత బూట్లుండేవి, వాటి అడుగున ఎనిమిది అని ఉండేది. బూట్లంటే ఎనిమిదే కాబోలనుకుని ఎనిమిదన్నాడు. ఆ అంకె చెప్పగానే లోపలాయన ఏమీ తిట్టకుండా జత ఇచ్చేశాడు. అది చూసి వెనకవాడూ ఎనిమిదన్నాడు, ఆ వెనకవాడూ ఎనిమిదన్నాడు. పద్నాలుగో వాడు శంకరరావు. అప్పటికి ఎనిమిది సరైన జవాబని రుజువైపోయింది గనక ఇంకా గట్టిగా అన్నాడు. అదే సర్వీసు కార్డులోకి ఎక్కింది, ఏటేటా అదే వస్తోంది.

రాజేంద్ర ఇది విని నవ్వలేదు, పై ఆఫీసరుకి చెప్పాడు. ఆయన గ్యాంగు మొత్తాన్ని మళ్ళీ కొలిపించమన్నాడు. కొలవడమంటే అచ్చియమ్మే. మంగళవారం పొద్దున్న రిక్షాలో వచ్చి, గ్యాంగు గది వరండాలో చాప పరుచుకుని, ఇత్తడి డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది.

ఆవిడ పని చెయ్యడం చూడటానికి లైను పక్కన గడ్డి కోసుకునే ఆడవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. చూడదగ్గ పనే అది. బురద కాలైనా, పగిలిన మడమైనా, ఆవిడ రెండు చేతులతో పట్టుకుని కాగితం మీద పెట్టే తీరులో తొందర గానీ రోత గానీ ఉండదు. ఎవరి కాళ్ళూ ఎవరూ అంత శ్రద్ధగా ఎప్పుడూ చూసి ఉండరు. పెద్ద మీసాల గ్యాంగుమ్యాన్లు సిగ్గుపడి పక్కకి చూశారు.

రాజేంద్ర రిజిస్టరు పట్టుకుని పక్కన కూర్చున్నాడు. అచ్చియమ్మని హిందీలో అమ్మమ్మ అన్నట్టు నానీ అని పిలుస్తాడు. "నానీ, ఈ నంబర్లు ఎవరు పెట్టారు? ఎనిమిదంటే ఎనిమిది ఏటి?"

"గింజలు," అంది అచ్చియమ్మ పేరుస్తూనే. "ఇంగ్లీషోడు యవగింజతో కొలిసాడు బాబూ. మూడు గింజలు వరసగా పెడితే అంగుళం. నంబరు ఒకటి పెరిగిందంటే గింజంత పొడుగు పెరిగినట్టు."

"అచ్ఛా, మరి ఎనిమిది గింజల్లో వేలు కూడా పట్టదు కదా."

"మొదటి పన్నెండు గింజలూ లెక్కలోకి రావు. అది సెయ్యి వెడల్పు. పసిపిల్ల పాదమైనా అంతుంతాదని వదిలేసారు. అక్కడ్నించి ఒకటి, రెండు. అలాగ పదమూడు దాకా పిల్లల నంబర్లు. పదమూడు అయినాక మళ్ళీ ఒకటి."

"పద్నాలుగు ఏటయింది మరి?"

"మా అయ్య కూడా దొరని అదే అడిగాడంట. పెద్దోడయినోడు మళ్ళీ ఒకటినించి నడక నేర్సుకోవాల అన్నాడంట దొర. తాగి అన్నాడో, తెలిసే అన్నాడో." అచ్చియమ్మ చివరి గింజ పెట్టి వేలితో సరిచేసింది. "నీ బయాలీసు ఫ్రాన్సోడిది. ఆడు సెంటీమీటరుని మూడు ముక్కలు సేసి రెండు ముక్కలకి ఒక నంబరన్నాడు. పిల్లా పెద్దా తేడా లేదు, సున్నా నించి వరసే. నలభై రెండంటే ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు. మన ఎనిమిది పదకొండంగుళాలు. రెండూ ఇంచుమించు ఒకటే."

"అంటే కాంట్రాక్టువాలా సచ్ చెప్పాడు."

"ఆడు నిజమే సెప్పాడు. ఈళ్ళ కాళ్ళే అబద్ధం," అని అచ్చియమ్మ వరండాలో బారులు తీరిన పాదాలకేసి చూసింది. "ఇప్పుడింకోటి వచ్చినాదంట, మిలిమీటర్లలో. పటాలాలకి అదే వాడతారంట. బూట్ల కంపెనీవాడొకడు పుస్తకం చూపించాడు. ఇంగ్లీషోడూ ఫ్రాన్సోడూ కొలిసింది ఫర్మాని. ఇది మాత్రం పాదాన్ని కొలుస్తాది, పొడుగూ వెడల్పూ కూడా. ఇన్నాళ్ళకి ఒకడికి బుద్ధి పుట్టినాది. సెక్కకి నొప్పేటి తెలుస్తాది."

మధ్యాహ్నానికి లెక్క తేలింది. ముగ్గురు ఏడు. నలుగురు తొమ్మిది. మిగతావాళ్ళు కొందరు ఆరు, కొందరు పది. ఒకాయన పదకొండు, ఆయన ఇన్నేళ్ళూ బూటు మడమ కోసేసి చెప్పులా ఈడ్చుకుంటూ నడిచాడు. ఎనిమిది నిజంగా ఎనిమిదైంది ఆదినారాయణ ఒక్కడికే. శంకరరావు మాత్రం బీటు ఇంకా అవలేదని లైను మీదే ఉండిపోయాడు. నాది ఎనిమిదే రాసుకోమని ఆదినారాయణతో కబురు పంపాడు. రాజేంద్ర రాసుకున్నాడు. అచ్చియమ్మ డబ్బా మూత పెడుతూ, దూరంగా పట్టాల మధ్య నడుస్తున్న మనిషిని కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

కొత్త బూట్లు శంకరరావు నానబెట్టలేదు. నొప్పి లేదు కదా అని నేరుగా తొడిగేసి బీటుకి వెళ్ళాడు. పదిరోజుల తర్వాత ఆదినారాయణ తనిఖీకి వచ్చి అతని బీటులో, ఎడమ పట్టా పక్కన, వదులైన కీ ఒకటి చూశాడు. దాన్ని తనే బిగించి, ఎక్కడా రాయకుండా, "ఏటి శంకర్రావూ, ఇలాగెప్పుడూ లేదే" అన్నాడు. ఆ కీ పక్కనుంచే శంకరరావు పొద్దున్న నడిచాడు. ఎడమ కాలు ఏమీ చెప్పలేదు. ఆ రోజు అతనికి మొదటిసారి భయం వేసింది, కాలు గురించి కాదు, రైళ్ళ గురించి. అయినా స్టూలు గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. పట్టా మీద కళ్ళు పెట్టి, వంగి వంగి, రెండింతల టైము తీసుకుని బీటు చెయ్యడం మొదలెట్టాడు.

దసరా నవరాత్రుల్లో ఏటా రతన్‌పూర్ మహామాయ గుడికి అతను చెప్పుల్లేకుండా నడిచి వెళ్తాడు. ఆ ఏడు అమ్మవారితో ప్రత్యేకంగా మాట్లాడాల్సిన పనుంది గనక తప్పకుండా వెళ్ళాడు. పాతిక కిలోమీటర్లు జనంతో కలిసి నడిచి, దర్శనం చేసుకుని, బస్సులో తిరిగొచ్చి, క్వార్టరు గుమ్మంలో అడుగుపెట్టి, వంటింటి దాకా వెళ్ళి మంచినీళ్ళు తాగి మంచం మీద వాలిపోయాడు. చిన్నతల్లి ప్రసాదం అందుకుని వెనక్కి తిరిగి చూసేసరికి, కడిగిన గచ్చు మీద గుమ్మంనుంచి వంటింటి దాకా అడుగులున్నాయి. ఒక అడుగు మట్టి, ఒక అడుగు నెత్తురు.

చిన్నతల్లి మంచం దగ్గరకొచ్చి అతని ఎడమ పాదం పట్టుకుని గట్టిగా గిల్లింది. శంకరరావు గురక మానలేదు. ఆవిడ మంచం పక్కన చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని కాసేపు ఏడ్చింది. ఆ తర్వాత లేచి, గచ్చు తుడిచి, అతని ఎడమ బూటు సంచిలో వేసుకుని బుధ్వారీ బజారుకి వెళ్ళింది.

అచ్చియమ్మ బూటు లోపల చెయ్యి పెట్టి తడిమింది. చిన్నతల్లి బతిమాలితే డబ్బాలోంచి గింజలు తీసి బూటులో పోసింది. ఇద్దరూ టీ తాగారు. ఒక్క గింజ కూడా కదల్లేదు.

"బూటుకేటి తెలుస్తాదే. కాలు కావాల."

"రానంటాడు అప్పా. ఆస్పత్రి పేరెత్తితే మంచం దిగి ఎల్లిపోతాడు. స్టూలు మీద కూర్చోబెడతారని ఆడి బెంగ."

అచ్చియమ్మ డబ్బాలోకి చూసుకుంది. ఆగస్టులో గ్యాంగు కాళ్ళన్నీ కొలిచాక మొలిచినవి మొలవగా, అడుగున గుప్పెడు కూడా లేవు. దొర ఇచ్చినవి అవే చివరివి. బజారు యవలు మొలవవు, ఆవిడ చిన్నప్పుడే తెచ్చి చూసింది. డబ్బా మూత పెట్టి, కొట్టు తలుపు వేసి, రిక్షా పిలిచింది. ఆ కొట్టు తెరిచినప్పటినుంచీ ఒక్క మనిషి కోసం ఆవిడ బయటికి కదలడం అదే మొదటిసారి.

శంకరరావు నిద్ర లేచేసరికి గది మధ్యలో కాగితం పరిచి ఉంది, దాని ముందు అచ్చియమ్మ నేల మీద కూర్చుని ఉంది. తన తల్లి వయసు మనిషి తన కాళ్ళ ముందు అలా కూర్చుంటే అతను కాళ్ళు మంచం మీదికి ముడుచుకున్నాడు.

"లే అప్పా. నువ్వు కింద కూసోడం ఏటి."

"డెబ్బై ఏళ్ళుగా కిందే కూసున్నాను తమ్ముడూ. నిలబడు."

"నాది ఎనిమిదే. రాసేసుకున్నారు."

"ఎనిమిది ఆదినారాయణది. నీదేటో ఈ ఊర్లో ఎవరికీ తెల్దు, నీక్కూడా తెల్దు. నిలబడు."

అతను చిన్నతల్లికేసి చూశాడు. ఆవిడ తలుపుకి అడ్డంగా నిలబడి ఉంది. శంకరరావు లేచి కాగితం మీద నిలబడ్డాడు.

పెన్సిలు కుడి పాదం చుట్టూ తిరుగుతుంటే చక్కిలిగింత పెట్టింది. ఎడమ పాదం చుట్టూ తిరిగినప్పుడు, అది వేరే ఎవరి చుట్టో తిరుగుతున్నట్టు చూస్తూ ఉండిపోయాడు. అచ్చియమ్మ గింజలు పేర్చింది. కుడి కాలికి ముప్పై రెండు. "కాలి ఏళ్ళు ఆడడానికి ఇంకో రెండు," అంటూ చివర ఇంకో రెండు పెట్టింది. "ముప్పై నాలుగు. అందులో సెయ్యి వెడల్పు పన్నెండూ, పిల్లల పదమూడూ, పాతిక తీసెయ్యి. తొమ్మిది నీది. ఎనిమిదికి ముప్పై మూడే. ముప్పై ఒక్కేళ్ళు ఒక గింజ తక్కువతో నడిసావు."

ఎడమ కాలి గీతలోకి గింజలు చాలలేదు. కుడి వరసలో గింజలు తీసి మళ్ళీ ఇటు పేర్చింది. చిన్నతల్లి టీ పెట్టడానికి వెళ్ళింది.

ఆవిడ గ్లాసులు పట్టుకొచ్చేసరికి మడమ దగ్గర గింజ పగిలింది. తర్వాత దాని పక్కది. అక్కడ్నుంచి వరసలో ఒక్కొక్కటీ విచ్చుకుంటూ వేళ్ళ దాకా వెళ్ళింది. ముప్పై నాలుగూ మొలిచాయి. శంకరరావు గ్లాసు చేత్తో పట్టుకునే ఉన్నాడు. మొలకలు గోరంత, వేలెడు, జానెడు అయ్యాయి. చిటికెన వేలి కింద గింజ మాత్రం అక్కడితో ఆగలేదు. మోచేతి ఎత్తు లేచి, ఈతాకులాంటి ఆకులు వేసి, చివర కంకి తొడిగింది. పాలుపోసుకుని, గట్టిపడి, పొడవాటి మీసాలతో పండి పసుప్పచ్చగా తల వాల్చింది. వంటింటి కిటికీలోంచి వచ్చే గాలికి ఆ చిన్న పొలం కాగితం మీద అటూ ఇటూ ఊగింది.

శంకరరావు మంచం అంచు మీద కూలబడ్డాడు.

"ఇదంతా నాదేనా అప్పా? ఇంత నొప్పా?"

"నీదే. నువ్వు ఇనకపోతే అది ఏటి సేస్తాది పాపం. ఇక్కడ దాసుకున్నాది."

అతను ఆ పంటని చూస్తూ ఏడ్చాడు. కాలు నొప్పికి కాదు, అది ఇప్పటికీ ఏమీ అనడం లేదు. ఇన్నాళ్ళూ బండచాకిరీ చేయించుకుని, అది మాట మానేస్తే సంబరపడ్డందుకు ఏడ్చాడు. అచ్చియమ్మ కంకిని గోటితో తుంచి అతని చొక్కా జేబులో పెట్టింది. "డాక్టరుకి సూపించు. గింజలు మాత్రం నాకు తెచ్చియ్యాల."

రైల్వే ఆస్పత్రిలో వరంగల్ నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఉంది. కంకి చేతిలోకి తీసుకుని, స్కేలు పెట్టి కొలిచి, ఏ వేలి దగ్గర వచ్చిందో అడిగి తెలుసుకుంది. ఆ చోట తోలు కొంచెం కోసి చూస్తే లోపల విరిగిన ముల్లు, దాని చుట్టూ చీము. బూటు ఒరిపిడి వల్ల అంతకుముందే పుండు పడి ఉందనీ, ముల్లు దానిలోకే దిగిందనీ చెప్పింది. రక్తం పరీక్ష చేస్తే షుగరు అంకె చూసి ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఇంకొక వారం ఆగి వస్తే మోకాలి దాకా తీసెయ్యాల్సి వచ్చేది. మంచి టైములో వచ్చారు మీరు."

చిటికెన వేలు ఒక్కటి పోయింది. నలభై రోజులు వార్డులో ఉన్నాడు. డిశ్చార్జి రోజు కాగితం మీద ఏం రాస్తుందోనని పెన్నునే చూస్తూ కూర్చుంటే, డాక్టరమ్మ అతని మొహం చూసి పెన్ను ఆపింది.

"మీకేం కావాలి చెప్పండి."

"స్టూలు ఒద్దమ్మా. రైలు కనబడాల నాకు."

ఆవిడ బీటు నడక వద్దనీ, లైను పక్కన కూర్చుని చేసే పని ఇవ్వొచ్చనీ రాసింది. తోర్వా అవతల ఒక లెవెల్ క్రాసింగు గేటు ఇచ్చారు. రైలొచ్చే ముందు గేటు వెయ్యాలి, జెండా పట్టుకుని నిలబడాలి, వెళ్ళాక తియ్యాలి. తన పాత బీటు మీదుగా వచ్చిన రైళ్ళన్నీ అతని ముందునుంచే వెళ్తాయి. వదులైన కీ ఎక్కడైనా ఉంటే చక్రాల చప్పుడు బట్టి చెవులకి తెలిసిపోతుందని ఇప్పుడంటున్నాడు. కొత్త కీమ్యాను మొదట నవ్వాడు. రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాక నవ్వడం మానేశాడు.

కంకిలో ఇరవై ఆరు గింజలున్నాయి. శంకరరావు వాటిని గేటు గది పక్కన చిన్న మడి చేసి చల్లాడు. చలికాలమంతా నీళ్ళు పోశాడు. హోలీ నాటికి పండితే, కోసి, నూర్చి, చెరిగి, అచ్చియమ్మ ఇత్తడి డబ్బా నిండా పోసి, మిగిలినవి ఒక గాజు సీసాలో తను ఉంచుకున్నాడు. అచ్చియమ్మ డబ్బాలోంచి ఒక గింజ తీసి, మిగిల్చి దాచిన దొర గింజ పక్కన పెట్టి చూసింది. సరిగ్గా అంతే ఉంది.

మళ్ళీ ఆగస్టు వచ్చింది, బూట్లొచ్చాయి. స్టోరు దగ్గర వరసలో శంకరరావు ఈసారి ముందే నిలబడ్డాడు. రాజేంద్ర రిజిస్టరు తిప్పి, "శంకర్రావ్ మామా, ఆఠ్ నంబర్," అంటూ పెట్టె తీయబోయాడు.

"అది కొట్టెయ్ బాబూ. ఆ ఎనిమిది నాది కాదు, ఆదినారాయణది. నాది తొమ్మిది."

"ఇన్ని సంవత్సరాలనుంచి ఆఠ్ తీసుకున్నారు కదా?"

"ముందోడు ఏటన్నాడో అదే అన్నాను. నన్నెవరూ అడగలేదు, నేనూ అడగలేదు."

రాజేంద్ర ఎర్ర పెన్నుతో ఎనిమిది కొట్టేసి తొమ్మిది రాశాడు. ఆ జత వేసుకుంటే శంకరరావు కుడి కాలు ఏమీ అనలేదు. ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో కొత్త బూటు కరవకపోవడం అదే మొదలు. బూటు కరవకపోతే అది చెప్పేనన్న పాత సిద్ధాంతాన్ని చిన్నతల్లి ఆ సాయంత్రం ఒకసారి గుర్తు చేసింది.

ఎడమ కాలికి మాత్రం మాట తిరిగి రాలేదు. రాదని డాక్టరమ్మ ముందే చెప్పింది. అందుకని రోజూ పొద్దున్న, డ్యూటీకి ముందు, శంకరరావు గచ్చు మీద కాగితం పరిచి ఆ కాలు పెడతాడు. గీత గీస్తాడు. కాలు తీసి, గాజు సీసాలోంచి గింజలు ఒక్కొక్కటే లెక్కపెట్టి మడమనుంచి పేర్చుకుంటూ వెళ్తాడు. ముప్పై రెండు. ఆపైన ఇంకో రెండు. చిన్నతల్లి చక్కెర లేని టీ తెచ్చి పక్కన కూర్చుంటుంది. ఇద్దరూ ఆ వరసనే చూస్తూ తాగుతారు.

ఆ రోజు కూడా గ్లాసు ఖాళీ అయ్యేవరకూ ఏ గింజా కదల్లేదు. శంకరరావు వాటిని సీసాలోకి ఎత్తిపోసుకుని, ఎడమ పాదాన్ని రెండు చేతులా పట్టుకుని ఒకసారి నిమిరి, తొమ్మిదో నంబరు బూటు తొడిగి, గేటుకి బయల్దేరాడు.